ఇంటి కంప్యూటర్లకు ఉమ్మడి భాండారము

పిల్లల మార్కులను గూర్చియు, హాజరును గూర్చియు మాటలాడుటకు వచ్చిన తల్లిదండ్రులు లేచి పోవునపుడు, తలుపు దగ్గర నిలిచి, మరియొక ప్రశ్న నడుగుట ఈ రెండు మూడేండ్లుగా పరిపాటియైనది. ఇంటిలో కంప్యూటర్లు రెండైనవి, ఫోనులు నాలుగైదైనవి. పిల్లవాని పాఠములు ఒకదానిలో, అమ్మాయి పెండ్లి ఛాయాచిత్రములు మరొకదానిలో, తాతగారి ఉత్తరముల నకళ్లు ఇంకెక్కడనో యున్నవి. వీని నన్నింటిని ఒకచోట జేర్చి అందరును వాడుకొను ఉపాయమేమి యని. ప్రశ్న చిన్నదే. సమాధానము మాత్రము తలుపు దగ్గర నిలిచి చెప్పదగినంత చిన్నది కాదు. అందువలన ఈ సంచికలో కొంత వివరముగ వ్రాయుచున్నాను.

ఉమ్మడి కుటుంబములలో వెనుక కొట్టుగది యొకటి యుండెడిది. బియ్యము, పప్పు, చింతపండు, ఆవకాయ జాడీలు అన్నియు అందే యుండెడివి. కోడండ్రు నలుగురైనను కొట్టుగది ఒకటే. ఎవరికి కావలసినది వారు తెచ్చుకొనెడివారు. తాళపుచెవి మాత్రము అత్తగారి కొంగున నుండెడిది. నేను చెప్పబోవు భాండారము సరిగా అట్టిదే. ఇంటిలోని కంప్యూటర్లు, ఫోనులు అన్నియు ఇప్పటికే వై-ఫై రౌటరు ద్వారా ఒకదానితో నొకటి కలిసియున్నవి. ఆ రౌటరునకు పెద్ద హార్డ్ డిస్కు గల పెట్టె నొకదానిని తగిలించి, ఇంటివారందరును తమ తమ యంత్రముల నుండి దానిలో ఫైళ్లను దాచుకొనునట్లును, తీసికొనునట్లును ఏర్పాటు చేసికొనుటయే ఈ పని. దీనికి ఇంటర్నెట్టు అవసరము లేదు. ఇంటర్నెట్టు ఆగిపోయిన దినమున కూడ ఇంటిలోపల ఇది పనిచేయును.

ఇది అందరికిని పనికివచ్చునదే యైనను, మనవంటి వారికి మరింత ముఖ్యమని నా యభిప్రాయము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగ నేర్పడినపుడు, అంతవరకు మద్రాసు రాజధానిలో నుండిన మన బరంపురము గంజాము ప్రాంతముతోపాటు అందు జేరినది. ఊరు కదలలేదు, మనుష్యులు కదలలేదు. కాని కచ్చేరీ భాషయు, వీధి భాషయు క్రమముగ మారినవి. ఆనాటి భూముల దస్తావేజులు, పద్దుల పుస్తకములు, శుభలేఖలు, బంధువుల యుత్తరములు అనేక కుటుంబములలో నేటికిని తెలుగుననే యున్నవి. మన పిల్లలు బజారున ఒడియాయు, ఉద్యోగమునకు ఇంగ్లీషును నేర్చుకొందురు. వారి యింటి తెలుగు ఎట్టిదో తెలుపు సాక్ష్యము ఆ ట్రంకుపెట్టెలోని కాగితములును, ముసలివారి నోటి మాటయునే. ముద్రిత గ్రంథము పోయినచో మరల కొనవచ్చును. నాయనమ్మ పాడిన పెండ్లిపాటను ఒక్క ఫోనులో మాత్రమే యుంచుకొని, ఆ ఫోను నూతిలో పడినచో, దానిని ఏ అంగడిలోను కొనలేము.

ఇవి యన్నియు ఇంటర్నెట్టులో ఉచితముగ దాచుకొనవచ్చును గదా యని కొందరందురు. గూగుల్ సంస్థ ఛాయాచిత్రములను పరిమితి లేకుండ ఉచితముగ దాచు సౌకర్యమును 2021 జూన్ 1వ తేదీతో ముగించినది. అటుపిమ్మట చేర్చినవన్నియు ఆ ఖాతా యొక్క 15 గిగాబైట్ల లెక్కలోనికే వచ్చును. ఆ పద్ధతి చెడ్డదని నేననను. పరాయివాని గాదెలో ధాన్యము పోసికొనుట తప్పు కాదు. కాని ఇంటిలో గాదె యే లేకుండుట మంచిది కాదు.

ఎంత చోటు కావలెనో ముందుగా అంచనా వేసికొనవలెను. ఫోనుతో తీసిన ఛాయాచిత్రము సుమారు 3 మొదలు 5 మెగాబైట్లు. గంటసేపు మాట్లాడిన మాటలను సామాన్యమైన ఎం.పి.3 రూపమున నుంచినచో 60 మెగాబైట్లకు మించదు. చలనచిత్రములే పెద్ద తిండిపోతులు. ఫోనుతో గంటసేపు తీసినది నాలుగు మొదలు ఎనిమిది గిగాబైట్ల వరకు తినును. 2 టెరాబైట్ల డిస్కులో 5 మెగాబైట్ల చిత్రములు నాలుగు లక్షలు పట్టును. ఆ డిస్కును తగిలించినపుడు విండోస్ 1.81 అని చూపును. అంగడివాడు మోసగించెనని కలహింప నక్కరలేదు. తయారీదారులు వేయి చొప్పునను, విండోస్ 1024 చొప్పునను లెక్కించుటచే వచ్చిన భేదమది.

పెట్టె మూడు విధములుగ నమర్చుకొనవచ్చును. రౌటరు వెనుక యు.ఎస్.బి. రంధ్రమున్నచో దానికే డిస్కును తగిలించుట మొదటిది. ఇది చౌక, కాని అందలి చిక్కు నొకదానిని ముందు చెప్పెదను. మూలబడిన పాత కంప్యూటరును భాండారముగ మార్చుట రెండవది. విండోస్ 10నకు మైక్రోసాఫ్ట్ వారి ఉచిత పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసినందున, అట్టి కంప్యూటర్లు అనేక గృహములలో పనిలేక యున్నవి. దానిపై లినక్సు నెక్కించి, అందు సాంబా యను ఉచిత సాధనమును నెలకొల్పినచో చక్కని భాండారమగును. ఇందుకు ఓపన్ మీడియా వాల్ట్ వంటి సిద్ధమైన కూర్పులు ఉచితముగనే లభించును. ఈ పనికే ప్రత్యేకముగ తయారైన చిన్న పెట్టెను కొనుట మూడవది; దీనిని అంగడివారు నాస్ అందురు. విద్యుత్తు లెక్కయు చూచుకొనవలెను. పాత కంప్యూటరు 50 వాట్లు తిన్నదనుకొన్నచో, రాత్రింబవళ్లు నడపినపుడు నెలకు 36 యూనిట్లు. రెండు డిస్కుల చిన్న పెట్టె 20 వాట్లనుకొన్నచో 14 యూనిట్ల పైచిలుకు. పదవ తరగతి, ఇంటరు చదువుచున్న పిల్లవాడున్న యింటికి నేను రెండవ మార్గమునే చెప్పుచుందును. రెండు వారములు దానితో కుస్తీ పట్టిన బాలుడు కంప్యూటరును గూర్చి నేర్చుకొనునంత మా ప్రయోగశాల పీరియడ్లలో నేర్చుకొనజాలడు. అట్టివాడు లేనిచో మూడవదియే సుఖము.

ఇక రౌటరులోని చిక్కు. వేర్వేరు కంప్యూటర్లు ఒకే డిస్కును పంచుకొనుటకు వాని మధ్య ఒక భాష కావలెను. ఎస్.ఎం.బి. యను నట్టి భాషను 1983లో ఐ.బి.ఎం. సంస్థలో బ్యారీ ఫైగెన్‌బామ్ రూపొందించెను. తరువాత విండోసు దానిని స్వీకరించినది. కాన్‌బెరాలోని ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయ విద్యార్థి ఆండ్రూ ట్రిడ్జెల్ 1991 చివర అదే భాషను విండోసు కాని యంత్రములకు నేర్పు సాధనమును వ్రాసెను. దానికి పేరు కావలసివచ్చి, ఎస్, ఎం, బి అను మూడక్షరములు వరుసగ వచ్చు పదమును కంప్యూటరు నిఘంటువులో వెదకగా "సాంబా" దొరకినదట. ఆ భాష యొక్క మొదటి కూర్పులో భద్రతాలోపములుండెను. 2017 మే నెలలో వన్నాక్రై యను దుష్టప్రోగ్రాము ఆ లోపము గుండనే ప్రవేశించి, అనేక దేశములలో కంప్యూటర్ల లోని ఫైళ్లకు తాళములు వేసి సొమ్ము నడిగినది. దానిని మాన్పు సవరణను మైక్రోసాఫ్ట్ వారు అంతకు రెండు నెలల ముందే, మార్చిలో, విడుదల చేసియుండిరి; వేసికొననివారే ఎక్కువగ నష్టపోయిరి. ఆ యేటి చివరి నుండి క్రొత్త విండోసులలో ఆ మొదటి కూర్పు ఉండుట మానినది. కాని పాత రౌటర్లు అనేకము నేటికిని ఆ మొదటి కూర్పు నొక్కదానినే మాటలాడును. అందుచేత డిస్కు తగిలించినను కంప్యూటరులో కనబడదు. అపుడెవరో వచ్చి, పాత కూర్పును మరల తెరచినచో సరిపోవునని సలహా యిత్తురు. సరిపోవును గాని, దొంగ వచ్చిన దొడ్డిదారిని మరల తెరచుట యగును. అట్టి రౌటరును భాండారమునకు వాడకుండుటయే మేలు.

పెట్టెను రౌటరునకు వై-ఫైతో గాక కేబులుతో కలుపుడు. పాత 100 మెగాబిట్ల మార్గమున సెకనుకు 11 మెగాబైట్లకు మించి సాగదు. గిగాబిట్ మార్గమున 110 వరకు సాగును. 100 గిగాబైట్ల చిత్రములను ఎక్కించుటకు మొదటిదానిలో రెండున్నర గంటలు, రెండవదానిలో సుమారు పావుగంట. కేబులులో ఎనిమిది తీగలుండగా నాలుగింటినే కలిపి పోయిన పనివారున్నారు. అన్నియు క్రొత్తవే అయ్యును వేగము రానిచో మొదట అచ్చటనే చూడవలెను.

తక్కిన అమరిక కష్టమైనది కాదు. రౌటరు ప్రతి యంత్రమునకు ఒక సంఖ్యను చిరునామాగ నిచ్చును, అది మారుచుండును. భాండారమునకు మాత్రము మారని సంఖ్యను కేటాయింపవలెను. రౌటరు పుటలో దానికి వీలు కలదు. పిమ్మట ఇంటిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పేరు, పాస్‌వర్డు ఏర్పరుపవలెను. పాస్‌వర్డు లేని ఉమ్మడి ఫోల్డరు సుఖమని తోచును గాని, విండోస్ 11 యొక్క క్రొత్త కూర్పులు అట్టిదానిని తెరువ నిరాకరించుట గలదు. విండోస్ కంప్యూటరులో ఫైళ్ల కిటికీ పైనున్న చిరునామా పట్టీలో రెండు వెనుకకు వాలిన గీతలు గీచి, భాండారము పేరు కొట్టి, ఎంటరు నొక్కినచో ఫోల్డర్లు కనబడును. వానికి ఒక డ్రైవు అక్షరమును తగిలించుకొన్నచో నిత్యము అచ్చటనే యుండును. ఫోనులోని చిత్రములు తమంతట తామే ఇంటికి చేరగానే భాండారమున దిగునట్లు చేయు సాధనములును కలవు.

ఫోల్డర్లను ఏర్పరచుటలో తొందర పనికిరాదు. ఒక్కొక్కరికి సొంత గది, అందరికి ఉమ్మడి గది, వీనితోపాటు "పూర్వపత్రములు" అని మూడవ గది యుండవలెను. దస్తావేజుల స్కానులు, పాత చిత్రములు, పెద్దల కంఠస్వరములు ఇందుండును. దీనిని చూచుటకు అందరికిని, మార్చుటకు ఒక్కరికే అధికారముండవలెను. ఆ యొక్కరుకూడ నిత్యము వాడు పేరుతో గాక, చేర్పవలసిన దినమున మాత్రమే వాడు వేరు పేరుతో ప్రవేశింపవలెను. చిన్నపిల్లవాడు ఆటలో తుడిచివేయకుండుటకే కాదు. ఏదైన కంప్యూటరులో దుష్టప్రోగ్రాము దూరినచో, ఆ కంప్యూటరు మార్చగలిగిన ఫైళ్లనన్నిటిని అది పాడుచేయగలదు. మార్చు అధికారమే లేనిచోట దాని ఆట సాగదు.

ఫైళ్ల పేర్లను తెలుగు లిపిలోనే పెట్టుడని నా మనవి. తెలుగు పేర్లు పెట్టినచో కంప్యూటరు చెడునను భయము కొందరిలో నింకను గలదు. యూనికోడ్ మొదటి కూర్పు వెలువడిన 1991 నుండియు తెలుగునకందు స్థానము కలదు. నేటి కంప్యూటర్లు, ఫోనులు, భాండారములు అన్నియు దాని నెరుగును. అయితే ఒక మర్యాద పాటింపవలెను. లినక్సు మీద నడచు భాండారములలో ఫైలు పేరునకు సామాన్యముగ 255 బైట్లే హద్దు. ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగు సంకేతమునకు మూడు కావలెను. అక్షరము, గుణింతము, పొల్లు వేర్వేరు సంకేతములే. "శ్రీ" యను నొక్క అక్షరమే నాలుగు సంకేతములై 12 బైట్లు తీసికొనును. కనుక పేరు మొత్తము 85 సంకేతములకు మించరాదు. విండోస్ కంప్యూటరులో చక్కగ నిలిచిన పొడుగు పేరు భాండారమునకు పంపునపుడు తిరస్కరింపబడుటకు కారణమిదియే. మన పెద్దలు శుభలేఖలపై వ్రాయించు బిరుదావళి నంతయు ఫైలు పేరున నెక్కింపగూడదు. "1987-05-14 పెద్దన్నయ్య పెండ్లి" అన్నచో చాలును. సంవత్సరము, నెల, తేదీ యను క్రమమున అంకెలు ముందుంచినచో, ఫైళ్లు కాలక్రమముననే నిలుచును. తేదీల మధ్య ఏటవాలు గీత పెట్టగూడదు; విండోసు దానిని పేరున నంగీకరింపదు.

చిత్రములో నున్నవారెవరో తెలిసిన పెద్దలున్నపుడే వారి ప్రక్కన గూర్చుండి పేర్లు పెట్టింపుడు. కెమెరా యిచ్చిన సంఖ్యతోనే మిగిలిన చిత్రము ఇరువది యేండ్ల తరువాత ఎవరికిని బంధువు కాదు. పిల్లలచేత ఈ పని చేయించినచో రెండు లాభములు: వారికి తెలుగు టైపు అలవడును, మేనత్త యెవరో పినతల్లి యెవరో తెలియును. సెలవులలో వారమునకు ఇరువది చిత్రములు చాలును. అంతకు మించినచో పిల్లలు విసుగుకొందురు, పెద్దలును అలసిపోవుదురు.

మరియొక జాగ్రత్త. యూనికోడ్ వ్యాప్తి కాకముందు డి.టి.పి. అంగళ్లలో టైపు చేయించిన తెలుగు ఫైళ్లు అనేకుల దగ్గర నున్నవి. సంఘముల పాత నివేదికలు, వంశవృక్షములు అట్టివే. అందు లోపల నుండునవి నిజమునకు ఇంగ్లీషు అక్షరముల సంకేతములు. వానిపై తెలుగు రూపము తొడిగినది ఆ అంగడివాని ఫాంటు మాత్రమే. ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో అర్థములేని ఇంగ్లీషు గీతలు కనబడును. చెడిపోయెనని తుడిచివేసినవారు కలరు! తుడువకుడు. అసలు ఫాంటున్న చోట తెరచి, పి.డి.ఎఫ్.గ మార్చి యుంచుడు. అందు ఫాంటు కూడ చేరియుండుటచే రూపము నిలుచును. కాని అందులో తెలుగు మాటను వెదకిన దొరకదు. ముఖ్యమైన వానిని యూనికోడ్ లోనికి మార్పించి, తప్పులు దిద్దించి, రెండును ప్రక్క ప్రక్కన దాచవలెను.

ఇక అన్నింటికన్న ముఖ్యమైన సంగతి. ఉమ్మడి భాండారము భద్రమైన భాండారమని అనేకులు పొరబడుదురు. రెండు డిస్కుల పెట్టె కొన్నపుడు, ఒకదానిలో వ్రాసినది రెండవదానిలో కూడ వెంటనే పడునట్లు చేయు అమరిక యుండును. దానిని రెయిడ్ అందురు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు 1988లో ప్రకటించిన పత్రముతో ఈ పేరు ప్రసిద్ధమైనది. ఒక డిస్కు చచ్చినచో రెండవది పని నడుపును. అంతవరకు అది మేలైనదే. కాని నీవు పొరపాటున తుడిచినది రెండింటను ఒకే క్షణమున తుడుపుపడును. పిడుగు పడి పెట్టె కాలినచో రెండును కాలును. దొంగ పెట్టెను ఎత్తుకొని పోయినచో ఒకటి విడిచి పోడు. అద్దములోని ప్రతిబింబము రెండవ మనిషి కానట్లే, అట్టి జంట డిస్కు రెండవ ప్రతి కాదు.

అందువలన ఆ పెట్టెలో నున్నదిగాక వేరొక డిస్కు మీద ఒక ప్రతి, ఇంటికి వెలుపల మరియొక ప్రతి, ఇట్లు మొత్తము మూడు ప్రతులుండవలెను. వేరు డిస్కును నెలకొకసారి తగిలించి, నకలు ముగియగానే విప్పి బీరువాలో పెట్టవలెను. ఎల్లప్పుడు తగిలించియుంచినచో, భాండారమునకు వచ్చిన ఆపద దానికిని వచ్చును. వెలుపలి ప్రతి ఎచ్చట నుండవలెనో మనము చక్కగ ఆలోచింపవలెను. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను మన గోపాల్పూరు దగ్గరనే తీరము దాటినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణమును కొట్టినది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపమున తీరము దాటి, శ్రీకాకుళము జిల్లాను, మన గంజాము, గజపతి జిల్లాలను ఒక్కమారే బాధించినది. మన బంధువులు చాలమంది టెక్కలి, పలాస, శ్రీకాకుళము, విశాఖ ప్రాంతములలోనే యుందురు. వారి యింట ఉంచుట ఏమియు లేకుండుటకన్న మేలే. కాని ఒకే తుపాను రెండిండ్లకును వచ్చు దారి యది. హైదరాబాదునో, బెంగుళూరునో ఉద్యోగమున నున్న కుమారుని దగ్గర నుంచుట ఉత్తమము. వేసవి సెలవులకు వచ్చినపుడు పాత డిస్కు తెచ్చి, క్రొత్త నకలు గల డిస్కును తీసికొనిపోవునట్లు వాడుక చేసికొన్నచో, అక్టోబరు వచ్చునప్పటికి ప్రతి దూరమున క్షేమముగ నుండును. పరుల యింట నుంచు డిస్కులోని దస్తావేజులు కంటబడకుండ పాస్‌వర్డుతో బంధించుట కూడ అవసరము.

కరెంటు హఠాత్తుగ పోవు ఊరిలో పెట్టెకు చిన్న యు.పి.ఎస్. లేకున్న డిస్కుల ఆయువు తగ్గును. వ్రాయుచున్న ఫైలు సగములో చెడును. మూసిన బీరువాలో పెట్టినచో వేడెక్కును. ఊరి నుండి ఇంటి భాండారమును చూచుకొనవలెనను కోరికతో రౌటరులో దారులు తెరచి, పెట్టెను నేరుగ ఇంటర్నెట్టునకు ఎదురుగ నిలుపకుడు. 2022 జనవరిలో అట్లు తెరచియుంచిన గృహభాండారములనే వెదకి పట్టుకొని, వేలకొలది పెట్టెలకు దుండగులు తాళము వేసిరి.

నకలు తీసితిమని తృప్తిపడక, మూడు నెలలకొకసారి బీరువాలోని డిస్కును భాండారమునకు గాక వేరొక కంప్యూటరునకు తగిలించి, కన్నులు మూసికొని ఏదో యొక ఫైలును తెరచి చూడుడు. పాట వినబడవలెను, దస్తావేజు చదువబడవలెను. తెరువబడని నకలు నకలు కాదు.

పెట్టె నమర్చిన కుమారుడు ఉద్యోగమునకు పోయిన పిమ్మట పాస్‌వర్డు తెలియక తల్లిదండ్రులు పెట్టె నెదుట నిస్సహాయులై కూర్చుండుట తరచు వినుచున్నాను. భాండారము పేరు, దాని చిరునామా సంఖ్య, ఇంటివారి పేర్లు, పాస్‌వర్డులు, ఏ డిస్కు ఎవరియింట నున్నది, ఏ తేదీన నకలు తీసినది, ఇవి యన్నియు ఒక నోటుపుస్తకమున సిరాతో, తెలుగులో, ఇంటి యిల్లాలికి చదువ వీలగునట్లు వ్రాసి, అసలు దస్తావేజులున్న ట్రంకుపెట్టెలోనే యుంచవలెను.